ఫరీదాబాద్ టాక్సీ రసీదులు

నాగభూషణానికి నాలుగు కలాలుండేవి. ఒకటి నల్లది, రెండు నీలివి, ఒకటి పాళీ వంగినది. ఆ నాలుగింటితో ఆయన నలుగురు టాక్సీవాళ్లయిపోగలడు. జూన్ వచ్చిందంటే చాలు, దేశ రాజధానిలోని ఆర్.కె. పురం సర్కారు క్వార్టర్ వరండాలో మడత మంచం వాల్చి, ఖాళీ రసీదు పుస్తకాలు ముందేసుకుని, ఇన్‌కం టాక్స్ కాగితాలు నింపించుకోవడానికొచ్చే తెలుగువాళ్లకి లేని ప్రయాణాలు పుట్టించేవాడు. రాయడం అయ్యాక రసీదుని నలిపి, చెప్పు కింద రెండుసార్లు తొక్కి, టీ గ్లాసు అడుగు అద్దేవాడు. "కొత్తగా ఉంటే ఆఫీసరు అనుమానిస్తాడయ్యా" అని దానికో ఉపదేశం. ఇంత విద్య ఉండీ, ముప్పై ఏళ్ల సర్వీసులో గుమాస్తా కుర్చీ దాటింది లేదు.

రూలేమిటని అడిగితే మాత్రం మనిషిని బట్టి రూలు. ఊరికే వచ్చినవాడికొకటి, స్వీటు డబ్బా తెచ్చినవాడికింకొకటి. కాంట్రాక్టు మనిషికి కంపెనీ ఇచ్చే ప్రయాణం ఖర్చు వాడి సంపాదనలో కలుస్తుందా కలవదా అన్నది ఆ రోజుల్లో కంపెనీవాళ్లకే సరిగ్గా తెలియదు. బిల్లులుంటే చాలునని ఒకడు, ఉన్నా పన్ను కోయాల్సిందేనని ఇంకొకడు. బురద ఉన్నచోటే పందికి సుఖం.

తొంభై ఆరు జూన్‌లో ఆ వరండా మెట్లు హైమవతి కూడా ఎక్కాల్సొచ్చింది. ఆవిడ భర్త పద్మనాభం ఓఖ్లాలో ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఫ్యాక్టరీలకి వెళ్లి పాడైన తూకం మిషన్లు బాగుచేసి రావడం ఆయన పని. ట్రిప్పుకింతని కంపెనీ ఇచ్చేది, ఎందులో వెళ్లావని ఏనాడూ అడగలేదు. ఫిబ్రవరిలో గుండె ఆగి పోయాడు. ఇప్పుడు కంపెనీ అడిగింది. ఏడాది ప్రయాణాలకి రసీదులు చూపించండి, లేకపోతే అదంతా సంపాదన కింద రాసి, ఆయనకి రావలసిన ఆఖరి బిల్లులో పన్ను కోసుకుంటాం, వారసురాలిగా మీరు సంతకం చెయ్యాలి అని హైమవతి అద్దెకుండే మునీర్కా గదికి ఉత్తరం వచ్చింది.

"బెంగపడకమ్మాయ్. మూడు రోజుల్లో మీ ఆయన్ని టాక్సీల్లో తిప్పేస్తాగా!" అన్నాడు నాగభూషణం.

"ఆయన బస్సులోనే వెళ్లేవారంకుల్. నెలనెలా పాసు కొనుక్కునేవారు."

"పాసా!" పొట్ట కదిలేలా నవ్వాడు. "అది చూపిస్తే నవ్వి పంపిస్తారు. నీకు తెలీదు, నువ్వూరుకో."

హైమవతి మెట్లు దిగింది. మూడో రోజు వెళ్తే నలభై రసీదులు గుండుసూది గుచ్చి చేతిలో పెట్టాడు. హైమవతి చదివింది అయిదో క్లాసే అయినా, అంకెలూ నెలల పేర్లూ కూడబలుక్కోగలదు. వేలు పెట్టి ఒక్కొక్కటే తిప్పింది. ప్రతి రసీదు వెనకా పద్మనాభం సంతకం, ఆయన ఏనాడూ పెట్టని వంకరతో. చివరి వాటి దగ్గర వేలు ఆగింది. మార్చి నాలుగు, ఫరీదాబాద్. మార్చి పదకొండు, ఫరీదాబాద్. మార్చి ఇరవై రెండు.

"అంకుల్, మార్చిలో కూడా వెళ్లారా ఆయన?"

"వెళ్లరూ మరి? సర్కారు ఏడాది మార్చి ముప్పై ఒకటి దాకా కదా!"

"ఫిబ్రవరి తొమ్మిదిన పోయారండీ. పెద్దకర్మకి మీరొచ్చారు. గారెలు బాగున్నాయని రెండోసారి అడిగి వేయించుకున్నారు."

పక్కన కూర్చున్నవాళ్లు తలలు దించుకున్నారు. నాగభూషణం దించుకోలేదు.

"ఓ, అదా! ఆ మూడూ చింపేసి, మిగతావాటికి కిలోమీటర్లు పెంచేద్దాం. దానికేముంది?"

హైమవతి రసీదులు మంచం మీద పెట్టేసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

"నీకోసం మూడు రోజులు కష్టపడ్డానమ్మాయ్!"

"కష్టం కలాలది లెండి అంకుల్. అబద్ధమాడడం కూడా సరిగ్గా చేతకాదు మీకు."

మర్నాడు బస్సెక్కి తనే ఓఖ్లా వెళ్లింది. ట్రంకు పెట్టెలోంచి తీసిన పదకొండు బస్సు పాసులూ, ఫ్యాక్టరీ గేటు ముద్రలు పడ్డ పద్మనాభం పని పుస్తకమూ లెక్కల గుమాస్తా ముందు పరిచింది.

భండారీ అనే ఆ కుర్రాడు పాసులు ఒక్కొక్కటే తిరగేశాడు. "దీదీ, పాసుల మేరకే ఖర్చు రాయగలను. మిగతాది ఆదాయమే, పన్ను కోస్తాం. సరైన రూలేదో మా పెద్దసారుకే తెలీదు. ఎవరి దగ్గరైనా టాక్సీ రసీదులు తెచ్చుకోండి, అందరూ అదే చేస్తారు" అన్నాడు హిందీలో.

"దొరికాయి భయ్యా. వద్దనుకున్నాను."

రెండు నెలల గది అద్దెంత పోతుందని లెక్క తేలింది. అతను ఫారం నింపి ముందుకి తోశాడు. ఎందులో ప్రయాణం అన్న గడిలో ఏం రాశాడో చదవమంది హైమవతి.

"బస్."

ఇంకోసారి చదవమంది. చదివాడు. అప్పుడు పెన్ను తీసుకుని, ఇంగ్లీషు గీతల కింద తెలుగులో, ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి ఆగి, "పద్మనాభం భార్య హైమవతి" అని రాసింది.