హాట్ ప్రెస్‌లో చిక్కుకున్న రోజు

నా చిన్నప్పుడు మేము గుంటూరు నుంచి ఐర్లండు వచ్చి నేస్ అనే ఊళ్ళో అద్దెకు దిగిన మొదటి చలికాలం, ఆ దేశం మొత్తం మీద నాకు నచ్చిన చోటు ఒక్కటే. మేడ మీద వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమర. ఉతికిన బట్టలు అందులో ఆరబెట్టేవారు, దాన్ని అక్కడివాళ్ళు హాట్ ప్రెస్ అనేవారు. మా ఊరి ఎండ కాస్త అందులో మిగిలి ఉందని నా నమ్మకం. ఎవరూ చూడకుండా దూరి, ట్యాంకు పక్కన ముడుచుకుని కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అలాగే నిద్రపోయాను. నాన్న ఆసుపత్రిలో డ్యూటీకి వెళ్ళారు, అమ్మకూ అక్కడే పని. నేను పక్కింటి తాత దగ్గరికి వెళ్ళిపోయాననుకుని, అమ్మ అలవాటు కొద్దీ అలమరకు బయట గడియ పెట్టి, వీధి తలుపు తాళం వేసి వెళ్ళిపోయింది. మెలకువ వచ్చేసరికి చీకటి, ఉక్క. తలుపు బాదాను, ఏడ్చాను. అంత ఇష్టపడ్డ వేడికే ఊపిరాడలేదు. ఇక ఎవరూ రారనీ, అక్కడే చచ్చిపోతాననీ అనుకున్నాను.

పక్కింటి తాత అసలు ఐర్లండువాడు కాదు. చిన్న కుర్రాడిగా ఉన్నప్పుడు తూర్పు యూరప్‌లోని కమ్యూనిస్టుల ఖైదు శిబిరం నుంచి పారిపోయి, ఒంటరిగా నడిచి సరిహద్దు దాటాడని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. నేను రాలేదని చూడడానికి వచ్చి, నా ఏడుపు విని, ఆసుపత్రికి ఫోన్ చేసి మళ్ళీ వచ్చాడు. వీధి తలుపుకు ఉత్తరాలు వేసే సందులోంచి, అమ్మ వస్తోందని కేకేసి చెప్పాడు. నేను ఊరుకోలేదు. అప్పుడు అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి నాకు చెప్పాడు.

శిబిరంలో బల్లల మీద మనుషులను ఇరికించి పడుకోబెట్టేవారట. ఒకరు ఒత్తిగిలాలంటే అందరూ ఒత్తిగిలాలి. అందుకని ఒకరు "తిరగండి" అంటే వరసంతా తిరిగేది. పారిపోయాక ఆయన పగలు గడ్డివాముల్లో దాక్కుని నిద్రపోయేవాడు. మొదటిసారి పడుకున్నప్పుడు చుట్టూ బోలెడంత చోటున్నా, చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారినా, కదల్లేకపోయాడు. ఎవరో ఆ మాట అంటారని ఎదురుచూశాడు. చివరికి తనే పైకి అని, తిరిగాడు.

"నువ్విప్పుడు ఎటు తిరిగి ఉన్నావు?" అని అడిగాడు. తలుపు వైపన్నాను.

"నేను అక్కడ లేను కదా. ఆ మాట నువ్వే చెప్పుకో. వీపు తలుపుకి ఆన్చి, కాళ్ళు గోడకు తన్నిపెట్టి నెట్టు."

ఎంతసేపటికో "తిరుగు" అన్నాను, తిరిగాను, కాళ్ళు గోడకు తన్నిపెట్టి నెట్టాను. గడియ ఊడి, తలుపుతో పాటు నేనూ బయట పడ్డాను. కింది నుంచి "గ్రాండ్" అని వినిపించింది. ఆ ఊళ్ళో అన్నిటికీ అదే మాట.

అమ్మ వచ్చి, "నా చేత్తో నేనే గడియ పెట్టానా తల్లీ" అంటూ నన్ను వదల్లేదు. ఆ చేతుల్లోంచే తాతను అడిగాను, శిబిరంలో ఆ మాట అనేది ఎవరని. "మా అమ్మ" అన్నాడు తాత. కంచె కింద సందులో పిల్లవాడు మాత్రమే పట్టాడట, ఆమె పట్టలేదట.

దారి కనిపించని రోజున ఇప్పటికీ ఆ మాట పైకి అంటాను. మా పిల్లలు ఇంగ్లీషులో ఆటపట్టిస్తారు. అన్నప్పుడల్లా, కొడుకును కంచె దాటించి తాను లోపలే ఉండిపోయిన ఆ తల్లి నా పక్కనే పడుకుని ఉన్నట్టుంటుంది. ఆమె కోసమైనా తిరుగుతాను.