మూడో బ్రూవరీలో పెట్టిన ఒట్టు

నా స్నేహితుడు తాగుడు మానేసి అప్పటికి తొమ్మిది నెలలు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిస్తే ఆ ప్రయాణమే పెట్టుకునేవాణ్ణి కాదని చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసుకోవడానికి మాత్రం నేనేమీ చెయ్యలేదు.

ఈ దేశంలో జనవరి అంటే మండే ఎండలు. నా భార్యా పిల్లలూ సెలవులకి హైదరాబాద్ వెళ్లారు. మేముండే టార్నీట్‌లో ఖాళీ ఇంట్లో ఒక్కణ్ణే ఉండలేక, మర్రే నది ఒడ్డున ఒక చిన్న ఊళ్లో బస చెయ్యడానికి క్యాబిన్ బుక్ చేసి, అతన్నీ అతని భార్యనీ రమ్మన్నాను. ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఒకే గదిలో ఉన్నవాళ్లం. నది చూద్దాం అని మాత్రమే చెప్పాను. సొంతంగా బీరు తయారు చేసి అక్కడే పోసి ఇచ్చే చిన్న బ్రూవరీలు ఆ ఊళ్లో మూడున్నాయి. వాటికి తీసుకెళ్లి అతన్ని ఆశ్చర్యపరచాలని నా ఆలోచన.

మొదటిదాంట్లో అతను నిమ్మసోడా తీసుకున్నాడు. "నేను డ్రైవ్ చేస్తాలేరా, నువ్వు ఎంజాయ్ చెయ్" అన్నాడు. రెండోదాంట్లో కడుపు బాగాలేదన్నాడు. మామిడిపండు వాసన వేసే బీరూ, కాఫీ వాసన వేసే బీరూ నేనొక్కణ్ణే తాగుతూ, బాగుందో లేదో చెప్పుకోవడానికి తోడు లేక లోలోపల ఉడికిపోయాను. మూడు గంటలు కారులో పడి వచ్చింది నిమ్మసోడా తాగడానికా? పక్కన భార్య ఉందని మొహమాటపడుతున్నాడని నేనే తేల్చేసుకున్నాను. మనవాళ్లలో మొదటిసారి వద్దంటే ఆ మాటని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రెండోసారీ మూడోసారీ బలవంతం చేస్తేనే మర్యాద. చాలన్నవాడి విస్తట్లో ఇంకో గరిటె వెయ్యకపోతే మా నాయనమ్మకి మనసు కుదుటపడేది కాదు. నేను పెరిగింది ఆ ఇంట్లో.

మూడో బ్రూవరీ నది గట్టు మీదే ఉంది. రేకుల షెడ్డు, బయట చెక్క బల్లలు. నీళ్లు బురద రంగులో, కదులుతున్నాయో లేదో తెలియనట్టున్నాయి. రుచి చూడడానికి నాలుగు చిన్న గ్లాసులు ఒక చెక్కలో అమర్చి ఇస్తారు. అలాంటివి రెండు తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టాను.

"వద్దురా."

"ఏంట్రా ఈ వేషాలు? హాస్టల్లో నా వాటా కూడా లాగించేసినోడివి."

"నిజంగా వద్దురా. ప్లీజ్."

"ఆయన వద్దంటున్నారు కదా అన్నయ్యా" అంది అతని భార్య.

"నువ్వేమంటావోనని భయపడుతున్నాడమ్మా. నువ్వు సరే అను, తాగుతాడు."

ఆమె నది వైపు తిరిగి కూర్చుంది. మొగుడి గుట్టు ఇంకొకరి ముందు విప్పడానికి ఆమెకి నోరు రాలేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఒప్పుకుందనే అనుకున్నాను.

"నా మీద ఒట్టు. ఒక్క గ్లాసు. నువ్వు ముట్టకపోతే నేనూ ముట్టను" అన్నాను.

అతను ఒక గ్లాసు తీసి తాగాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండోది నేను చెప్పకుండానే తాగాడు. నాలుగూ అయ్యాక నావి అందుకున్నాడు. తర్వాత లేచి కౌంటర్ దగ్గరికి వెళ్లి పెద్ద గ్లాసు తెచ్చుకున్నాడు. అదయ్యాక మళ్లీ వెళ్లాడు. రుచి చూడడం లేదు, తాగుతున్నాడంతే. నా సరదా చచ్చిపోయింది. "ఇక చాల్లేరా" అంటే వినలేదు.

అతను మూడోసారి లేచినప్పుడు ఆమె బల్ల మీది కారు తాళాలు తీసుకుంది.

"మానేసి నైన్ మంత్స్ అయింది అన్నయ్యా. లివర్ ఇంక తట్టుకోదని హాస్పిటల్లో డాక్టర్ చెప్పేశాడు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు."

"నాతోనైనా ఒక మాట అనాల్సిందమ్మా."

"అన్నాం కదా అన్నయ్యా. వద్దన్నాం కదా."

ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అతను క్యాబిన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంటికి తీసుకెళ్దామని నేను కొని ఫ్రిజ్‌లో పెట్టిన ఆరు బీరు క్యాన్లూ పక్కన ఖాళీగా పడున్నాయి.  లోపల ఆమె బట్టలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెళ్లి అతని పక్కన కూర్చున్నాను. తప్పు నాదిరా అని చెప్పాలనుకున్నాను. మాట నోటిదాకా వచ్చింది కూడా.

అంతలో అతనే, నా మొహం చూడకుండా, "సారీరా. నీ ట్రిప్ పాడు చేశాను" అన్నాడు.

"పర్లేదులేరా" అన్నాను.