తోటకూర కలిపిన మందు

మునగాల చుట్టుపక్కల గొర్రెకు గాయమైనా, మనిషి వేలు కొడవలికి తెగినా మా పెద్దనాయన బీరయ్య దగ్గరికే వస్తారు. ఆయన అటు తిరిగి కూర్చుని ఏదో ఆకు నూరి కడతాడు. ఆకు పేరు మాత్రం చెప్పడు. చెబితే హస్తవాసి పోతుందని మా తాత మట్టయ్య ఒట్టు వేయించుకున్నాడట. ఇలాంటి మాటలంటే నాకు ఒళ్ళు మంట. అయినా కోదాడ ఫార్మసీ కాలేజీలో నా ప్రాజెక్టుకు ఆ మందే కావాలని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి ఆకు ఇవ్వకుండా, నూరిన ముద్దను ఎండబెట్టి ఇచ్చాడు.

అనుమతులన్నీ తెచ్చుకుని, ఆ ముద్ద నుంచి తీసిన సారాన్ని ఎలుకల గాయాలకు పూశాం. మందు పూసిన ఎలుకలకూ పూయని ఎలుకలకూ వీసమెత్తు తేడా లేదు. ప్రాజెక్టు గైడ్ అనురాధ మేడమ్ వేరే మొక్క చూసుకోమన్నారు. నేను ఫోన్ చేసి పెద్దనాయనను కడిగేశాను.

మర్నాడే బస్సెక్కి మా హాస్టల్‌కు వచ్చాడు. తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పు నాదే బిడ్డా. ఎవరూ ఆనవాలు పట్టొద్దని మేం ఎప్పుడూ జరంత తోటకూర కలుపుతం. మీరు సదువుకున్నోళ్ళు, ఎట్లయినా కనిపెడ్తరని ఈసారి మూడొంతులు తోటకూరే ఏసిన."

అంటే నెల రోజులు నేను ఎలుకలకు కూర పూశానన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఇగ అసలుది చెప్పు పెద్దనాయనా."

"చెప్తే నా చేతిల మందు పన్జెయ్యదే. ఊళ్ళె ఇగ నన్నెవరు పిలుస్తరు?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అంతగా భయపడటం నేనెప్పుడూ చూడలేదు. కడిగేసినందుకు సిగ్గేసింది. "వద్దులే, వేరే మొక్క తీసుకుంట" అన్నాను.

ఆయన వినలేదు. హాస్టల్ గోడ పక్కనుంచి ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. "నల్లారం" అన్నాడు. గడ్డిచామంతి, చిన్నప్పుడు పలకలు తుడిచిన ఆకే!

సారం మళ్ళీ తీశాం. పన్నెండో రోజుకు మందు పూసిన గాయాలు మిగతావాటికంటే బాగా ముందే మూసుకున్నాయి. మేడమ్ మెచ్చుకున్నారు. ఊళ్ళో పెద్దనాయన మాత్రం వైద్యం మానేశాడు. వచ్చినవాళ్ళందరినీ దవాఖానకు పొమ్మంటున్నాడని పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ ఫోన్లో బాధపడింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

తర్వాత వారం ఆయన పొట్టేలు ముళ్ళకంచెలో తొడ చీరుకుంది. పెద్దమ్మ పోరు పడలేక, అందరి ముందూ నూరి కట్టాడట. రోజూ కట్టు విప్పి చూసుకునేవాడట. తొమ్మిదో రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"నవనీతా, మానింది బిడ్డా! కొత్త తోలొచ్చింది. నా చెయ్యి ఎట్లున్నది గట్లనే ఉన్నది."

  రిపోర్టులో ఆయన పేరు వేస్తున్నానని చెప్పాను.

"నా పేరెందుకే? మా నాయిన పేరు రాయి. ఒట్టు తప్పిన గదా, పైన కోపంగుంటడు" అన్నాడు.

మొదటి పేజీలో మట్టయ్య పేరు రాశాను. దాని కింద, ఆయన కొడుకు బీరయ్య చెప్పగా తెలిసింది అని రాశాను.