ఆఖరి సెట్టు ఈల

దయ్యాల ముచ్చట మొదలైతే పుస్తకం పట్టుకొని పక్క రూముకు పోయేటోణ్ణి నేను. ముప్పయ్యేండ్లు ప్రెస్సుల ప్రూఫులు దిద్దిన. కండ్లతో చూసింది కూడా రెండోసారి చూడంది నమ్మను. అందుకే పోయినేడు మా అన్న దుకాణంల జరిగింది జరిగినట్టే రాస్తున్న.

అన్న ఛత్రినాకల టీవీ మెకానిక్. గాజు వాల్వులతో నడిచే పాత బ్లాక్ అండ్ వైట్ సెట్లంటే ప్రాణం. అట్లాంటి సెట్టు సరిగ్గ నడిస్తే లోపలి నుంచి సన్నటి ఈల వస్తది. ఈల ఉన్నదంటే తెరను వెలిగించే కరెంటు తయారైతున్నట్టే. చిన్న వయసు చెవులకే వినొస్తది. అన్నకు వినబడుడు బందైనంక బిడ్డ సంధ్యను పిలిచి సెట్టు పక్కన నిలబెట్టేటోడు. "నా చెవి నువ్వే బిడ్డా, పాడుతుందా లేదా చెప్పు" అనేటోడు.

అన్న పోయిన మూడు నెలలకు దుకాణం ఖాళీ చేయాల్సొచ్చింది. బల్ల మీద ఒక్క సెట్టు మిగిలింది. కార్వాన్‌ల ఉండే యూసుఫ్ భాయ్ వాళ్ల నాయనది. అన్న చేత్తో గీసుకున్న సర్క్యూట్ కాగితం దాని లోపలే ఉంది. అన్న ఒప్పుకున్న పని సగంల ఆగొద్దని నా కోరిక. కాగితం చూసుకుంట, రెండు వారాలు కూసొని పాత కెపాసిటర్లు మార్చిన.

ఆదివారం పొద్దున యూసుఫ్ భాయ్, సంధ్య వచ్చిండ్రు. స్విచ్ వేసిన. వాల్వులన్నీ ఎర్రగ వెలిగినయ్. తెర మాత్రం చీకటి.

"పాడుతుందా?" అని అడిగిన.

సంధ్య దగ్గరికి వంగి విన్నది. "లేదు కాకా."

"ఛోడో భాయ్, గిట్లనే తీస్కపోత. మీద పూలకుండీ పెట్టుకుంట" అన్నడు యూసుఫ్ భాయ్.

అప్పుడు నాకు వినొచ్చింది. సన్నగ, తెగకుండ. అరవై మూడేండ్ల నా చెవులకు.

చెప్తే సంధ్య నమ్మలే. ఫోన్ల అంత సన్నటి శబ్దమే పెట్టింది. ఆమెకు వినొచ్చింది, నాకు రాలే. ఫోను బందు చేసినా నా ఈల మాత్రం నడుస్తనే ఉంది.

కరెంటు గుండె మీదికి రాకుండ ఎడమ చెయ్యి జేబుల పెట్టుకోవాలని అన్న చెప్పేటోడు. అట్లనే పెట్టుకొని, ఎండిన చెక్క పుల్లతో ఒక్కొక్క వాల్వును మెల్లగ కదిలించిన. మూడోదాని దగ్గర ఈల ఆగింది. వదిలితే మళ్ల వచ్చింది. మూడుసార్లు చూసిన. మూడుసార్లూ అంతే.

సెట్టు బందు చేసి, చల్లారినంక ఆ వాల్వు తీస్తే, సాకెట్ల ఒక రంధ్రం నల్లగ మసిపట్టి ఉంది. కాగితంల చూస్తే ఈల పుట్టించే వాల్వు అదే. గీకి, తుడిచి, తిరిగి పెట్టిన.

ఈసారి తెర తెల్లబడ్డది. "కాకా, పాడుతుంది" అని సంధ్య నా భుజం పట్టి ఊపింది. నాకేం వినొస్తలేదు.

సంధ్య డీవీడీ ప్లేయర్ తగిలించి, అన్న దాచుకున్న గల్లీ బోనాల పండుగ వీడియో డిస్కు పెట్టింది. డప్పుల నడుమ అన్న, చేతులొక దిక్కు కాళ్లొక దిక్కు, ఎగురుతున్నడు.

"సెట్టు బాగైంది గని మీ అన్న డాన్స్ బాగుగాలే" అన్నడు యూసుఫ్ భాయ్. అన్న పోయినంక మొదటిసారి సంధ్య పడి పడి నవ్వింది. నేను కూడా.

తర్వాత చెవుల డాక్టరుకు చూపించుకున్న. అంత సన్నటి శబ్దం మీకు వినపడే వీల్లేదన్నడు. చెవుల మోత అనుకుందామంటే, అది ఆ ఒక్క వాల్వు దగ్గరే ఎందుకు ఆగింది?

సెట్టు కార్వాన్‌ల నడుస్తనే ఉంది. పోయినప్పుడల్లా దాని పక్కన చెవి పెట్టి కూసుంట. ఏం వినొస్తలేదు. యూసుఫ్ భాయ్ మనవరాలు మాత్రం "పాడుతుంది తాతా" అంటది.