బాపు కరిగించిన గడియారం డబ్బీ

మొన్న మనవరాలు ఫోనులో ఏదో దేశపు వేలంపాట చూపించింది. అరచేతిలో ఇమిడే పాత బంగారు డబ్బీ, మూత మీది పువ్వును నొక్కితే చిన్న తలుపు తెరుచుకుని లోపల దాగిన గడియారం కనిపిస్తుంది. అది చూసినప్పటి నుంచి నాకు కుదురు లేదు, ఎందుకంటే అలాంటిదే ఒకటి మా కరీంనగర్ ఇంటికి ఒకసారి వచ్చింది.

మా బాపు, అంటే నాన్న, సన్నని వెండి తీగలతో అల్లిక పనులు చేసేవాడు. హుస్నాబాద్ వైపు దొరసాని ఒకామె, మామగారి నాటి బంగారు నశ్యం డబ్బీ మూత బిగుసుకుపోయిందని పంపింది. బాపు బాగుచేసి ఇచ్చేశాడు గాని, ఆ దాగిన తలుపు ఆయన మనసులోంచి పోలేదు. "ఏ దేశపోడు చేసిండో గని, ఆని చేతులకు దండం," అని ఊరికే అనేవాడు. వెండితో తానూ ఒకటి చేయాలని పట్టుబట్టి, అన్నం ముందు కూర్చుని కంచం అంచున వేలితో గీతలు గీస్తుంటే మా అమ్మ, అవ్వ అనేవాళ్ళం, కసురుకునేది.

"గా డబ్బీ ఎప్పుడో పాయె. నీ పానం ఇంకా దాని ఎంటనే ఉన్నది. జర తిను."

నేనప్పుడు దవాఖానలో కొత్తగా నర్సుగా చేరాను. నాడి చూడడానికి కొనుక్కున్న చిన్న చేతిగడియారం నాకు ప్రాణం. ఒకరోజు బాపు దాన్నే అడిగాడు. "బిడ్డా, నీ గడియారం ఇయ్యవా? డబ్బీల పెట్టి మల్ల నీకే ఇస్త." కాదనలేక ఇచ్చాను. వార్డులో తోటి నర్సును గడియారం అడుక్కుంటూ, ఇంటికి రాగానే 'అయిందా బాపూ' అంటూ ఆయన చుట్టూ తిరిగేదాన్ని.

అయింది. మొగ్గలాంటి మీటను నొక్కగానే తీగల అల్లికలోంచి తలుపు తెరుచుకుంది, లోపల నా గడియారం టిక్కుటిక్కుమంది. ఇరుగుపొరుగు వచ్చి చూసి మురిసిపోయారు. బాపు ఒక్కడే మూతను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"అతుకు కనబడుతుంది. తలుపు దాగలే."

మాకెవరికీ కనబడలేదు. మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గడియారం నా చేతికిచ్చి, మూసలో కరిగిన వెండిని చూపించాడు. అవ్వ ఏడ్చింది. "ఫికర్ జెయ్యకు, ఇంకా మంచిది చేస్త," అన్నాడు. ఆ తర్వాత చూపు మందగించే దాకా చేస్తూనే ఉన్నాడు, కరిగిస్తూనే ఉన్నాడు. ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు మా వీధిలో అచ్చులో పోసిన వెండి సామాను అద్దాల వెనక మెరుస్తోంది, ఎవరు ఏది చేసినా మరుక్షణమే పదిమందికీ చూపించాలి. అందాన్ని దాచడానికి అంత తపన పడిన మనిషిని అప్పుడు పిచ్చివాడనుకున్నాం. ఈ వయసులో, పని కాస్త కుదరగానే 'ఇక చాలులే' అని మనమంతా ఎంత తేలిగ్గా అనేస్తున్నామో వింటుంటే, ఆ పిచ్చి మనలో ఒక్కరికైనా అంటలేదే అని మనసు గిజగిజలాడుతుంది.