కొరియా పార్కప్పకు నేను నేర్పిన ఇంగ్లీషు

ఏడాది చివర్లో అందరూ తాము సాధించినవి తలుచుకుని మురిసిపోతారు. నేను మాత్రం ప్రతి డిసెంబరు ముప్పై ఒకటిన, ఎప్పుడో గడిచిపోయిన ఒకే ఒక డిసెంబరు ముప్పై ఒకటిని తలుచుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటాను. ఆ రోజు పట్టపగలు, పెద్దమనుషుల ఎదుట, ఇంగ్లీషు అయివారిగా నా పరువు లారీ కింద పడ్డ టమోటా అయిపోయింది. అది ఎట్లా జరిగిందో చెప్తాను. నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

నా పేరు రెడ్డెప్ప. పుట్టింది పుంగనూరు పక్కన సోమలలో. మదనపల్లె కాలేజీలో ఇంగ్లీషు చదువుకుని, కుప్పంలో ఒక ప్రైవేటు బళ్ళో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. తొంభైల చివరి సంవత్సరాలవి. శాంతిపురం దగ్గరి క్వారీలో తీసే గ్రానైట్ రాళ్ళు ఓడలెక్కి దేశాలు తిరుగుతున్న కాలం. ఆ రాళ్ళను ఎంచి కొనడానికి ఒక కొరియా కంపెనీ తన మనిషిని కుప్పంలో పెట్టింది. ఆయన పేరు పార్క్. ఎండ మండిపోతున్నా మెడలో టై ఉండాల్సిందే. ఎవరు ఎదురైనా నడుం దాకా వంగి దండం పెట్టేవాడు. ఒకసారి బజారులో దారికి అడ్డం నిలబడ్డ ఎద్దుకు కూడా వంగి దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడని చెప్పుకునేవారు.

పార్క్‌కు కొరియా భాష తప్ప ఇంకో ముక్క రాదు. కంపెనీ షరతు ఏమిటంటే, ఏడాదిలో ఇంగ్లీషు నేర్చుకుంటే ఉద్యోగం ఇక్కడే, భార్యను, కూతురిని తెచ్చుకోవచ్చు. నేర్చుకోకపోతే వెనక్కి పిలిపించి గోడౌనులో కూర్చోబెడతారు. ఏడాది ఆఖరి రోజున పెద్ద బాసు స్వయంగా వచ్చి పరీక్ష పెడతాడు. అందుకని క్వారీవాళ్ళు మంచి ఇంగ్లీషు అయివారి కోసం వెతికారు. నేను దొరికాను. ఎంత గట్టిగా వెతికారో నాకు తెలియదు.

జనవరిలో మా ఇంటి వరండాలో పాఠాలు మొదలయ్యాయి. ఇంగ్లీషు ఎట్లా చెప్పాలో నాకు తెలిసింది ఒకటే పద్ధతి. మా అయివార్లు నాకు చెప్పిందీ, నేను బళ్ళో పిల్లలకు చెప్పిందీ అదే. ముందు ఇంగ్లీషు వాక్యం చదవాలి. వెంటనే దాన్ని తెలుగులో విడమరచాలి.

"ఐ యామ్ ఈటింగ్. నేను తింటాండాను. వేర్ ఆర్ యూ గోయింగ్? యాడికి పోతాండావు?"

ఎదురుగా కూర్చున్నది కొరియా మనిషి, ఆయనకు ఇంగ్లీషు ఎంత తెలియదో తెలుగూ అంతే తెలియదు కదా అని మీకు ఈ క్షణమే తట్టింది. నాకు తట్టడానికి పన్నెండు నెలలు పట్టింది. పార్క్ నేను చెప్పిందల్లా వాళ్ళ గుండ్రటి కొరియా అక్షరాల్లో గీసుకుని, ప్రతి వాక్యానికీ తలాడించేవాడు. బళ్ళో నలభై మంది పిల్లలున్నా ఒక్క తలా అంత శ్రద్ధగా ఆడేది కాదు. ఆ తలాటకు నేను పడిపోయాను.

మూడు నెలలకు నాలుగు మాటలు వచ్చాయి. ఆరు నెలలకు నాతో కూర్చుని కబుర్లు చెప్పసాగాడు. కూతురికి పళ్ళూడాయని, వాళ్ళ ఊళ్ళో మంచు పడుతుందని, ఇక్కడి మిరపకాయ తనకు లెక్క లేదని. నేను మురిసిపోయాను. ఏ భాషలో మాట్లాడుతున్నాడో చూసుకోలేదా అని అడుగుతారేమో. అవతలి మనిషి చెప్పేది హాయిగా అర్థమవుతున్నప్పుడు భాషను ఎవరు చూస్తారండీ?

మా ఆవిడ కళావతి చూసింది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఒక సాయంత్రం పార్క్‌కు రాగి సంగటి, అందులోకి శెనిక్కాయల పచ్చడి ఊరుబిండి పెట్టి లోపలికొచ్చి నాతో అంది.

"ఏమప్పా, మీ శిష్యుని ఇంగ్లీషు నాకు బాగా అర్థమైతాండాది."

"అవుతుంది. నేను చెప్పిన ఇంగ్లీషు అది. అంత స్పష్టంగా ఉంటుంది."

"అది కాదప్పా. ఆయప్ప ఇంకో ముద్ద పెట్టమ్మా అని అడిగినాడు."

"చూశావా. నీకే అర్థమయ్యేటట్టు మాట్లాడుతున్నాడంటే నా బోధన ఎట్లుందో నువ్వే ఆలోచించు."

ఆమె గరిటె అందుకుంది. "మీకు చెప్పేదానికి నేను ఏ భాష నేర్చుకోవల్లో" అనుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది.

నా గర్వం నాతో ఆగి ఉంటే బాగుండేది. మదనపల్లెలో మాకు ఇంగ్లీషు చెప్పిన లెక్చరర్ గారు, అప్పటికి రిటైరయ్యారు, నన్ను ఒకప్పుడు క్లాసులో నిలబెట్టి "రెడ్డెప్పా, నువ్వు ఇంగ్లీషు మాట్లాడితే తెలుగు వినిపిస్తుంది" అన్నారు. ఆ మాట నా లోపల ముల్లులా ఉండిపోయింది. అందుకే డిసెంబరులో పనిగట్టుకుని మదనపల్లెకు పోయి, "సార్, నా విదేశీ శిష్యుడు పరీక్షకు నిలబడుతున్నాడు, మీరు కళ్ళారా చూడాలి" అని బస్సెక్కించి తీసుకొచ్చాను. నా ఉరికి నేనే చుట్టాలను పిలిచానన్నమాట.

ఆ రోజు క్వారీ ఆఫీసులో పెద్ద బాసు కూర్చున్నాడు. పేరు చోయ్. తెల్ల జుట్టు, నవ్వు తెలియని మొహం. రెండు నెలల కింద కొరియా నుంచి వచ్చిన వేరే మనుషులు ఎంచి పంపిన రాళ్ళలో రెండు దారిలోనే పగిలి చేరాయని అసలే కోపంగా ఉన్నాడు. ఇంగ్లీషు మాత్రం దంచినట్టు మాట్లాడుతున్నాడు. లెక్చరర్ గారు ఒక పక్క, కొత్త సఫారీ తొడుక్కుని నేను ఇంకో పక్క. పార్క్ టై సర్దుకుని మధ్యలో నిలబడ్డాడు.

"ఈ ఏడాది నీకు ఎట్లా గడిచింది?" అని బాసు కొరియా భాషలో అడిగి, అదే మాకు ఇంగ్లీషులో చెప్పి, పార్క్‌ను ఇంగ్లీషులో జవాబు చెప్పమన్నాడు.

పార్క్ వంగి దండం పెట్టి, తడుముకోకుండా అందుకున్నాడు.

"ఈ ఏడు చానా బాగా జరిగింది సార్. మొదట్లో కడుపునొప్పితో అల్లాడిపోతి. ఇప్పుడు సంగటి తింటాండాను, ఏమీ కావడంలేదు. ఈడ జనం మంచోళ్ళు. రాయి కూడా మంచిదే, సూసి తీసుకోవల్ల."

మూడో వాక్యం దాకా నేను తలాడిస్తూనే ఉన్నాను. నాలుగో వాక్యానికి లెక్చరర్ గారి మొహం కనబడింది. ఆయన చేతిలోని కాఫీ గ్లాసు నోటికి చేరకుండా మధ్యలోనే ఆగిపోయి ఉంది. అప్పుడు నా చెవులు తెరుచుకున్నాయి. పన్నెండు నెలలు మూసుకుపోయిన చెవులు ఒక్కసారిగా తెరుచుకుంటే ఎంత హోరుగా ఉంటుందో చెప్పలేను.

బాసు నుదురు ముడతలు పడింది. లెక్చరర్ గారి వైపు తిరిగి, ఇది ఏ భాష అని అడిగాడు.

లెక్చరర్ గారు గ్లాసు కింద పెట్టి, తన చక్కటి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. "తెలుగండీ. మంచి తెలుగు. చిత్తూరు జిల్లా."

పార్క్ అయోమయంగా నా దగ్గరికి జరిగి గుసగుసగా అడిగాడు. "అయివారూ, మా బాసుకు ఇంగ్లీషు రాదా?"

భూమి చీలితే బాగుండుననుకున్నాను. క్వారీలో భూమి చీల్చడం పెద్ద పని కూడా కాదు.

తర్వాత వాళ్ళిద్దరూ కొరియా భాషలో మాట్లాడుకున్నారు. పార్క్ చెప్పింది బాసు నాకు ఇంగ్లీషులో వివరించాడు. నేను ప్రతి వాక్యమూ రెండు విధాలుగా చెప్పేవాణ్ణట. పార్క్ రెండింటినీ కుప్పం బజారులో వాడి చూశాడట. మొదటిది అంటే అందరూ నోరు తెరిచి చూశారు. రెండోది అంటే అరటిపళ్ళు ఇచ్చారు, దారి చూపించారు, మంచినీళ్ళు తెచ్చారు. మొదటిది పుస్తకాల్లో ఉండే ఇంగ్లీషనీ, రెండోది జనం మాట్లాడే ఇంగ్లీషనీ తేల్చుకుని, మొదటిదాన్ని వదిలేశాడట. ఇందులో ఆయన తప్పేముంది, చెప్పండి.

బాసు నవ్వలేదు. పార్క్ సామాను సర్దుకోవాలని, తనతోనే బయల్దేరాలని చెప్పి లేచాడు. పార్క్ తల వంచుకున్నాడు. కూతురికి ఇక్కడి ఏనుగులను చూపిస్తానని ఆయన జాబు రాసిన సంగతి నాకు తెలుసు. రామకుప్పం అడవి పక్కకు తీసుకుపోతానని నేనే మాటిచ్చాను. కొత్త సఫారీ పై గుండీ విప్పుకున్నాను. ఉక్కగా ఉందని సరిపెట్టుకున్నాను.

బయట ఆ రోజు లారీకెక్కించే బండ సిద్ధంగా ఉంది. నున్నటి ముఖం, ఎక్కడా మచ్చ లేదు. బాసు దాని చుట్టూ తిరిగి చూసి బాగుందన్నాడు. పక్కనే రాళ్ళ మేస్త్రీ మునెప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా రాళ్ళతో బతికిన మనిషి. పార్క్ ఆఖరిసారి అన్నట్టు ఆయన దగ్గరికి పోయాడు.

"మునెప్పా, ఈ బండ ఎట్లుండాది?"

"పైకి బాగుండాది పార్కప్పా. లోపల పగులుండాది. సుత్తితో కొడితే మోగడంలేదు. ఓడలో పోయేటప్పుడు రెండైతాది."

"పోయినసారి పగిలిన రాళ్ళు కూడా ఇట్లనేనా? యాల చెప్పలేదు?"

"చెప్తిమి. అప్పుడొచ్చిన మీవోళ్ళకు మా మాట యాడ తెలుస్తాది?"

పార్క్ బిందెడు నీళ్ళు తెచ్చి బండ మీద కుమ్మరించాడు. బాసును చేయి పట్టి ఆపాడు. ఎండకు రాయి ఆరసాగింది. అంతా ఆరిపోయాక, వెంట్రుక మందాన ఒక తడి గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా మిగిలిపోయింది. నీరు తాగిన పగులు అది.

బాసు ఆ గీతను చాలాసేపు చూశాడు. మునెప్పను చూశాడు. పార్క్‌ను చూశాడు. ఇద్దరి మధ్యా నడిచిన మాటలు ఏమిటో అడిగి తెలుసుకున్నాడు. చివరికి నా దగ్గరికొచ్చి, ఆ వంగని మనిషి నడుం దాకా వంగాడు. పార్క్ ఇక్కడే ఉంటాడనీ, పాఠాలు ఎట్లా జరుగుతున్నాయో అట్లానే, ఒక్క మాట కూడా మార్చకుండా జరగాలనీ చెప్పాడు.

తిరుగు బస్సు ఎక్కబోతూ లెక్చరర్ గారు నా భుజం మీద చేయి వేశారు. "రెడ్డెప్పా, మదనపల్లెలో ఎంతోమందికి ఇంగ్లీషు చెప్పాను. ఒక్కడికైనా ఇంత బాగా వచ్చిందా అని ఆలోచిస్తున్నాను. నువ్వు ఏం చెప్పావనేది వదిలెయ్. నేర్పావు కదా."

ఆ మాటతో ఆ రోజు ఇంటికి ఛాతీ విరుచుకునే పోయాను. మరుసటి ఏడాది పార్క్ భార్యా కూతురూ వచ్చారు. కళావతి వాళ్ళకు నెల రోజుల్లో తెలుగు నేర్పేసింది. నాకు పన్నెండు నెలలు పట్టింది, అదీ నేర్పుతున్నానని తెలియకుండా.

అందుకని లెక్చరర్ గారు ఆ మాట అన్న కుప్పం బస్టాండు వైపు తిరిగి నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు మనిషి నా పాఠానికి తలాడించినా, ఏ భాషలో అర్థమైందో అడిగి తెలుసుకోనిదే రెండో వాక్యానికి పోను. బళ్ళో పిల్లల్ని మాత్రం అడగను. వాళ్ళేం చెప్తారోనని భయం.