బంగళా వెనక చీపురు గీతలు

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. మా వీధిలో ఎవరైనా గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటే ముందు నవ్వేది నేనే. నాకు భయం తక్కువ, అసహ్యం ఎక్కువ. అన్నంలో వెంట్రుక కనిపిస్తే ఆ పూటకి పస్తుండే రకం. అందుకే నేను భయపడిన సంగతి కాదు, అసహ్యపడిన సంగతి చెప్తున్నాను.

నేను ఊరగాయలు పెట్టి అమ్ముతాను. పాకాలలో, చిత్తూరులో, తిరుపతిలో కొన్ని ఇళ్లవాళ్లు ఏడాదికి సరిపడా నా దగ్గరే తీసుకుంటారు. ఎండాకాలంలో పెట్టిన మామిడికాయ చెడిపోతే మాకు ఆ ఏడాది చెడిపోయినట్టే. రెండేళ్ల క్రితం మా ఇల్లు చాలక, పాకాల రైల్వే స్టేషన్ అవతల ఒక పాత బంగళా అద్దెకు తీసుకున్నాం.

వందేళ్ల నాటి కట్టడం. రైల్వేలో పనిచేసిన ఎవరో దొర కోసం కట్టారట. ముందు వెడల్పాటి వరండా, గుండ్రటి స్తంభాలు, ఎర్ర గచ్చు, పైన మంగళూరు పెంకులు. చేతికందని ఎత్తులో చిన్న కిటికీలు, వాటిని తెరిచి మూయడానికి వేలాడే తాళ్లు. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. వచ్చిన చుట్టాలందరూ వరండాలో నిలబడి ఫోటోలు తీసుకున్నారు. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమంటారు కదా, నేనూ కాస్త పొంగిపోయాను. ఇంటి వెనక్కి వెళ్లి చూడమని మాత్రం ఏ సామెతా చెప్పలేదు.

వెనక పడకగదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. అందులో మోకాలెత్తు రాతి అరుగు, దాని మీద పరిచిన కడప బండ. బయటికి వెళ్లి చూస్తే, సరిగ్గా ఆ అరుగు ఉన్నచోట గోడకి, నేలను ఆనుకుని ఒక పొట్టి రేకు తలుపు. తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మా ఆయన సుత్తితో కొట్టినా కదల్లేదు. ఏ బూడిదో తీయడానికి పెట్టి ఉంటారని అనుకున్నాం. చల్లటి గది, ఎత్తయిన అరుగు. జాడీల కోసమే కట్టినట్టుందని మురిసిపోయి, ఆ ఏడు పెట్టిన కాయంతా, పద్దెనిమిది జాడీలు, మూతికి గుడ్డతో వాసెన కట్టి ఆ బండ మీద వరసగా పెట్టాను.

మూడో రోజు ఊరగాయ తిరగ కలపాలి. తెల్లవారుతుండగా స్నానం చేసి వెళ్లి గది తలుపు తీశాను. మనిషి మలం కంపు. ఏదో మురుగు వాసన అని సర్దిచెప్పుకునేది కాదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఊపిరి బిగబట్టి జాడీ విప్పి చూశాను. నూనె పైకి తేలి ఉంది, ముక్క గట్టిగా ఉంది, బూజు లేదు. అరగంటకి కంపు దానంతటదే పోయింది. ఆవపిండి, ఇంగువ వాసన తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు మళ్లీ అదే వేళకి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. సెప్టిక్ ట్యాంకు ఇంటికి రెండో పక్కన ఉంది, మూత తీయించి చూస్తే సగం కూడా నిండలేదు. చచ్చిన ఎలుక ఉందేమోనని గదంతా వెతికాం. మా ఆయనకీ ఆ కంపు తెలిసింది కాబట్టి నా ముక్కుది తప్పు కాదు.

వారం తర్వాత ఒక తెల్లవారుజామున కంపు భరించలేక పెరట్లోకి వచ్చాను. పెరడంతా వేపాకు రాలి ఉంది. వెనక గేటు నుంచి ఆ రేకు తలుపు దాకా మాత్రం ఒక మనిషి నడిచేంత దారి ఊడ్చి ఉంది. మట్టిలో చీపురు గీతలు అర్ధచంద్రాల్లా ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. అడుగుజాడ ఒక్కటీ లేదు. మా ఆయన ఫోన్లో ఫోటో తీశాడు, ఇప్పటికీ ఉంది.

మా ఇల్లు ఊడ్చే మునెమ్మ పని అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషి, ఎనిమిదింటికి గానీ రాదు. వెనక మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతుంది. మాకు స్టీలు గ్లాసులు, ఆమెకి కాగితం కప్పు. అందుకోసమే కప్పుల కట్ట కొని పెట్టుకున్నాను. అది శుభ్రత అనుకునేదాన్ని.

తెల్లారకముందే వచ్చి ఊడుస్తున్నావా అని అడిగితే లేదంది. గీతలు చూపించి, కంపు సంగతి చెప్పాను. ఆమె రేకు తలుపు వైపు చూసి, లోపల ఏం పెట్టానని అడిగింది. చెప్పాను.

"ఆడ పెట్నారా అమ్మా ఊరగాయలు? అది దొడ్డికి కూసునే గది గదా," అంది మునెమ్మ. "బండ కింద బొక్క ఉంటాది. మాయవ్వ ఆ రేకు తలుపులో చెయ్యి బెట్టి తట్ట లాగి, నెత్తిన బెట్టుకొని పోతాండె. తెల్లారే లోపల వచ్చి పోవాల. దోవ కూడా ఊడ్సి పోవాల. మొగం ఎవురికీ కనపడకూడదు."

దొరల కాలంలోనా అని అడిగాను.

"దొరలు పోయినాక మనోళ్లే గదమ్మా ఉండింది. తలుపు అదే, తట్ట అదే. అన్నేండ్లు ఎత్తింది గానీ, ముందర పక్క ఈ బంగళా ఎట్టుంటాదో మాయవ్వ సూల్లేదు."

నాకు అక్కడే వాంతి అయింది. మొదట నా జాడీలు తలచుకునే అయింది, అబద్ధం ఎందుకు? తర్వాత తల ఎత్తితే మునెమ్మ చేతిలో కాగితం కప్పు కనిపించింది. అప్పుడు పుట్టిన రోత వేరు. తరతరాలుగా దర్జాగా మలం విడిచి, ఎత్తేవాళ్ల ముఖం కనబడకుండా కొలిచి మరీ తలుపు పెట్టుకున్నారు, ఛీ! ఆ వరండాలో నిలబడి నేను ఫోటోలు దిగాను. చచ్చాక కూడా ఆ తల్లికి పని తప్పలేదా అనిపించి, నమ్మకం లేని నాకే ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం మా ఆయన ఊరగాయ అమ్మేద్దామన్నాడు. కాయ బాగుంది, నూనె బాగుంది, ఎవరికి తెలుస్తుందన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడన్నాడు, "అమ్మొద్దంటే మునెమ్మకిచ్చెయ్. వాళ్లు తింటారు."

ఒక్క క్షణం నాకూ అది మంచి ఉపాయమే అనిపించింది. ఆ క్షణాన్ని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. మర్నాడు పెరట్లో గొయ్యి తవ్వించి పద్దెనిమిది జాడీలూ బోర్లించాను. ఆ ఏడాది మేము ఎలా నెట్టుకొచ్చామో మాకే తెలుసు.

అదే రోజు మునెమ్మని ముందు గేటు నుంచి రమ్మన్నాను. వరండాలో కుర్చీ వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చాను. కుర్చీలో కూర్చోలేదు. లోపలికి వచ్చి ఇల్లు చూడమన్నాను. "వద్దులేమ్మా, ఈడే బాగుండాది," అని మొదటి మెట్టు పక్కన నేల మీద కూర్చుంది. తాగాక గ్లాసు తనే కడిగి, మెట్టు వారన బోర్లించి, సాయంత్రం బస్సుకి సత్యవేడులో కూతురింటికి వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆ గదిలోకి వెళ్లాను. కంపు లేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే రేకు తలుపు దగ్గర గీతలు లేవు. వెనక గేటు నుంచి మొదలై ఇంటి పక్కగా తిరిగి ముందుకి వెళ్లాయి. వాటి వెంటే నడిచాను. సరిగ్గా మొదటి మెట్టు దాకా వచ్చి ఆగిపోయాయి. మెట్టు మీద ఒక్క గీత లేదు.

ఈదురుగాలికి పడ్డ గీతలంటాడు మా ఆయన. అంటే అననీ. నేను ఆ మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఎవరు ఊడ్చారో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ చీపురు మెట్టు దగ్గర ఎందుకు ఆగిందో మాత్రం తెలుసు.